రిజర్వు పైలట్లు, పౌర విమానయానం: హైదరాబాదు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విద్యార్థులారా, మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూనే ఈ పాఠం చదువుతున్నారు. వారమంతా తాండూరులో నాపరాయి పాలిషింగు యూనిట్లోనో, వికారాబాద్‌లో ఏ దుకాణంలోనో పనిచేసి, ఆదివారం స్టడీ సెంటరులో కాంటాక్టు తరగతులకు హాజరవుతున్నారు. పరీక్షల రోజుల్లో యజమాని సెలవు ఇస్తాడా, ఇస్తే జీతం కోస్తాడా, తిరిగి వచ్చేసరికి మన స్థానంలో మరొకరిని పెట్టుకుంటాడా అన్నవి మీకు అనుభవంలో ఉన్న ప్రశ్నలే. ఈ పాఠంలో ఇవే ప్రశ్నలను విమానం నడిపే వారి విషయంలో అడుగుతాం. వారమంతా విమాన కంపెనీలో కొలువు చేస్తూ, వారాంతంలో వైమానిక దళం యూనిఫాం వేసుకునే పైలట్ మన దేశంలో ఎప్పుడైనా ఉన్నాడా? ఉంటే ఇప్పుడు ఎందుకు లేడు?

రిజర్వు అంటే అవసరం వచ్చినప్పుడు పిలిచే బలగం. రాజ్యం దృష్టిలో ఇది పొదుపు. శాంతికాలంలో పూర్తి జీతం ఇవ్వకుండా, యుద్ధకాలంలో శిక్షణ పొందిన మనిషిని పొందవచ్చు. ఉద్యోగి దృష్టిలో ఇది రెండో ఆదాయం, కొంత గౌరవం, కొంత ప్రమాదం. మధ్యలో ఉన్న యజమానికి మాత్రం ఇందులో నష్టమే తప్ప లాభం కనబడదు. రిజర్వు వ్యవస్థల చరిత్ర చదివేటప్పుడు ఈ ముగ్గురినీ గుర్తుంచుకోండి. సాధారణంగా పుస్తకాలు రాజ్యం గురించి, సైనికుడి గురించి చెప్పి, మూడోవాడిని వదిలేస్తాయి.

మీ ప్రాంతానికి తెలిసిన ఉదాహరణ

వికారాబాద్, తాండూరు మీదుగా సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. బ్రిటిష్ కాలంలో రైల్వే ఉద్యోగులలోని ఐరోపీయులు, ఆంగ్లో ఇండియన్లు ఉద్యోగంతోపాటు సహాయక దళాలలో కవాతు చేయడం దేశమంతటా మామూలు విషయం. 1920లో ఏర్పడిన ఆగ్జిలియరీ ఫోర్స్‌లో ఇలాంటి వారి సంఖ్య ఎక్కువ. స్వాతంత్ర్యం తర్వాత 1949లో టెరిటోరియల్ ఆర్మీ ప్రారంభమైనప్పుడు రైల్వే యూనిట్లు కూడా ఏర్పడ్డాయి. 1974 రైల్వే సమ్మెలో రైళ్లు నడపడానికి ప్రభుత్వం ఆ యూనిట్లను పిలిచింది. అంటే తోటి ఉద్యోగులు సమ్మెలో ఉండగా, అదే రైల్వేలోని కొందరు యూనిఫాం వేసుకుని బండి నడపవలసి వచ్చింది. పార్ట్‌టైమ్ సైనికుడి పరిస్థితి ఎంత ఇరకాటమైనదో దీనిని బట్టి ఊహించవచ్చు.

అయితే రైల్వేకు ఒక వెసులుబాటు ఉంది. యజమానీ ప్రభుత్వమే, సైన్యమూ ప్రభుత్వానిదే. జీతం ఏ పద్దులో రాయాలన్న లెక్క తప్ప, మనిషి ఎవరికి చెందాలన్న తగాదా పెద్దగా రాదు. విమానాల విషయంలో 1953 వరకు ఈ వెసులుబాటు లేదు. ఆ తర్వాత అది వచ్చింది. వచ్చిన తర్వాతే రిజర్వు పైలట్ కనుమరుగయ్యాడు. ఈ వైచిత్రి ఎలా జరిగిందో చూద్దాం.

మొదటి ప్రయత్నం: 1939–1942

మన దేశంలో పౌర విమానయానం, వైమానిక దళం దాదాపు ఒకేసారి పుట్టాయి. భారత వైమానిక దళానికి చట్టబద్ధమైన పునాది పడినది 1932 అక్టోబరు 8న. సరిగ్గా వారం తర్వాత, అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి టపా విమానం నడుపుకుంటూ బొంబాయి చేరాడు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్లినది నెవిల్ విన్సెంట్. ఈయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి బయటికి వచ్చిన పైలట్. కాబట్టి సైన్యం నేర్పిన విద్యను వ్యాపారానికి తెచ్చుకోవడం మన పౌర విమానయానంలో మొదటి రోజు నుంచే ఉంది.

1939లో యుద్ధం మొదలైనప్పుడు ప్రవాహం ఎదురు దిక్కుకు తిరిగింది. అప్పటికి భారత వైమానిక దళంలో ఉన్నది ఒకే ఒక్క స్క్వాడ్రన్. వేల మైళ్ల సముద్రతీరాన్ని కాపాడడానికి అది చాలదు. అందువల్ల ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ వాలంటీర్ రిజర్వు అనే బలగాన్ని ఏర్పాటు చేశారు. ఫ్లయింగ్ క్లబ్బులలో విమానం నడపడం నేర్చుకున్నవారు, కంపెనీలలో వాణిజ్య పైలట్లుగా ఉన్నవారు ఇందులో చేరారు. వీరితో తీరరక్షణ ఫ్లైట్లు నిలబెట్టారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్, విశాఖపట్నం వీటి కేంద్రాలు. తెలుగు నేల మీద రిజర్వు పైలట్ల తొలి స్థావరం విశాఖపట్నమే అన్నమాట.

వీరికి ఇచ్చిన విమానాలు ఎక్కువగా వపిటి రకం పాత బైప్లేన్లు. నిన్నటి వరకు ప్రయాణికులను మోసిన పెద్ద విమానాలను కూడా కొన్నింటిని స్వాధీనం చేసుకుని తీర గస్తీకి పంపారు. పైలట్‌తోపాటు కంపెనీ విమానం కూడా యుద్ధానికి వెళ్లిందన్నమాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత తీరరక్షణకు కొత్త ఏర్పాట్లు జరిగాయి. ఆ సంవత్సరం చివరికి తీరరక్షణ ఫ్లైట్లను రద్దు చేసి, వాటిలోని మనుషులను కొత్తగా ఏర్పడుతున్న స్క్వాడ్రన్లకు పంపారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వాలంటీర్ రిజర్వులో చేరినవారు పేరుకే రిజర్వు. యుద్ధం జరుగుతున్నంత కాలం వారు పూర్తికాలపు సైనికులే. వారంలో అయిదు రోజులు కంపెనీ, రెండు రోజులు గస్తీ అనే ఏర్పాటు ఆ కాలంలో సాధ్యం కాదు. కాబట్టి ఈ మొదటి ప్రయత్నాన్ని పార్ట్‌టైమ్ సేవకు విజయంగా చూపించేవారితో నేను ఏకీభవించను. అత్యవసరంలో పౌర పైలట్‌ను సైనికుడిగా మార్చవచ్చునని అది రుజువు చేసింది. శాంతికాలంలో అతడు రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడగలడా అన్నది మాత్రం తేలలేదు.

హైదరాబాదు: డబ్బు ఇచ్చిన రాజ్యం

నిజాం రాజ్యం కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. దానికి హైదరాబాదు పేరు వచ్చింది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా అలాగే హైదరాబాదు పేరు చేరింది. పేరు మనది, సొమ్ము మన రైతు కట్టిన శిస్తుది. ఎగిరినది మాత్రం ప్రధానంగా ఇతరులు.

ఎగరడం నేర్పే పని బేగంపేటలో జరిగింది. అక్కడ ఫ్లయింగ్ క్లబ్బు యుద్ధానికి ముందే ఉంది. యుద్ధకాలంలో ఒకటో నంబరు ప్రాథమిక ఫ్లయింగ్ శిక్షణ పాఠశాలను బేగంపేటలో నడిపారు. టైగర్ మాత్ విమానాల మీద యువకులు తొలిపాఠాలు నేర్చుకున్నది ఇక్కడే. యుద్ధం ముగిసేసరికి బేగంపేటలో రన్‌వే ఉంది, మరమ్మతు తెలిసిన మెకానిక్కులు ఉన్నారు, దేశమంతటా ఉద్యోగం కోసం చూస్తున్న సైనిక పైలట్లు ఉన్నారు. అమెరికన్లు వదిలి వెళ్లిన డకోటా విమానాలు చవకగా దొరుకుతున్నాయి. ఇన్ని కలిసి వచ్చినప్పుడు విమాన కంపెనీలు పుట్టకుండా ఉండవు. నిజాం ప్రభుత్వం, టాటాలు భాగస్వాములుగా 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది.

అలహాబాద్‌లో శిక్షణ పొంది 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చినది ఈ కంపెనీయే. అంతకుముందు ఆమెను పలు కంపెనీలు ఆడమనిషి అని తిరస్కరించాయి. మన పాఠానికి ఆమె ఎందుకు ముఖ్యమంటే, సైన్యమా, కంపెనీయా అని తూకం వేసుకునే అవకాశమే ఆమెకు లేదు. భారత వైమానిక దళంలో మహిళా పైలట్లు అడుగుపెట్టినది 1994లో. రిజర్వు గురించిన చర్చ అంతా అర్ధ శతాబ్దం పాటు మగవారి మధ్య చర్చగానే నడిచింది.

1947 అక్టోబరు 27న సైన్యాన్ని శ్రీనగర్‌కు చేర్చడానికి వైమానిక దళం డకోటాలు చాలలేదు. ప్రభుత్వం పౌర కంపెనీల విమానాలను, వాటి సిబ్బందిని రంగంలోకి దించింది. అదే వారాల్లో పంజాబు నుంచి శరణార్థులను తరలించే పని కూడా పౌర విమానాలదే. రిజర్వు సిద్ధాంతంలోని అసలు చిక్కు ఇక్కడ బయటపడుతుంది. దేశానికి ఆపద వచ్చిన రోజునే సైన్యానికి పైలట్ కావాలి, కంపెనీకీ పైలట్ కావాలి. ఒకే మనిషిని రెండు జాబితాల్లో రాసుకుంటే లెక్కలో ఇద్దరు, మైదానంలో ఒక్కడే.

ఆ మరుసటి సంవత్సరం మీ పొరుగునే మరో రకం పైలట్ కనిపించాడు. సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియా దేశస్థుడు. మొదటి యుద్ధంలో సైనిక వైమానికుడు. రెండో యుద్ధానికి ముందు ఆకాశం నుంచి రహస్యంగా ఫోటోలు తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవాడు. 1948లో లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుంచి హైదరాబాదు రాజ్యానికి దొంగతనంగా ఆయుధాలు చేరవేశాడు. ఆ విమానాలు దిగిన చోట్లలో బీదర్ ఒకటి. వికారాబాద్ నుంచి పర్లి వెళ్లే రైలు మార్గంలో మీరు దాటే ఊరే అది. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యతో ఆ వ్యాపారం ముగిసింది. సైన్యం నేర్పిన విద్య సైన్యం చేతిలోనే ఉండిపోదని, యూనిఫాం విడిచిన తర్వాత అది ఎవరు డబ్బిస్తే వారికి పనిచేయగలదని కొత్త ప్రభుత్వానికి ఇంతకంటే స్పష్టంగా చెప్పేవారు లేరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1942 నాటి వాలంటీర్ రిజర్వు పైలట్‌కు, 1947లో శ్రీనగర్ వెళ్లిన కంపెనీ పైలట్‌కు చట్టరీత్యా తేడా ఏమిటి? పై రెండు భాగాల ఆధారంగా అయిదారు వాక్యాల్లో రాయండి.

1952 చట్టం, 1953 జాతీయకరణ

ఈ అనుభవాల తర్వాత పార్లమెంటు 1952లో రిజర్వ్ అండ్ ఆగ్జిలియరీ ఎయిర్ ఫోర్సెస్ చట్టం చేసింది. ఇందులో మూడు బలగాలు ఉన్నాయి. వైమానిక దళంలో సేవ ముగించినవారిని తీసుకోవడానికి రెగ్యులర్ ఎయిర్‌ఫోర్స్ రిజర్వు. పైలట్ లైసెన్సు వంటి విమానయాన అర్హతలు ఉన్న పౌరులను నమోదు చేయడానికి ఎయిర్ డిఫెన్స్ రిజర్వు. ఇక ఉద్యోగాలు చేసుకుంటూ స్వచ్ఛందంగా చేరేవారి కోసం ఆగ్జిలియరీ ఎయిర్‌ఫోర్స్. మనం వెతుకుతున్న వారాంతపు పైలట్ ఈ మూడోదానిలో ఉన్నాడు. చట్టం యజమానిని కూడా మరచిపోలేదు. సేవకు పిలిచిన వ్యక్తిని, సేవ ముగిశాక తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలనే బాధ్యతను అతడిపై పెట్టింది.

1955 ప్రాంతంలో ఆగ్జిలియరీ స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి. ఢిల్లీ, బొంబాయి, మద్రాసు వంటి పెద్ద నగరాలే వాటి స్థావరాలు. హార్వర్డ్ శిక్షణ విమానాలు వాటికి ఇచ్చారు. దీని వెనుక తర్కం సులభంగానే అర్థమవుతుంది. శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి నేరుగా విమానాశ్రయానికి రాగలిగిన మనిషి పెద్ద నగరంలోనే ఉంటాడు. తాండూరు నుంచి వచ్చే యువకుడికి ఆ రోజుల్లో అటువంటి అవకాశం ఊహకు కూడా అందదు.

కొన్నేళ్లకే ఆ స్క్వాడ్రన్లు మామూలు యూనిట్లుగా మారిపోయాయి. నా అభిప్రాయంలో దీనికి మూడు మార్పులు కారణం. వాటిలో మొదటిది అన్నింటికంటే బలమైనది.

1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పాటు చేశారు. కొత్త సంస్థకు దక్కిన 99 విమానాలలో 74 డకోటాలే. అంతకుముందు ప్రభుత్వానికి విమానం కావాలంటే కంపెనీని అడగాలి, ఒప్పించాలి, అద్దె మాట్లాడాలి. ఇప్పుడు కంపెనీయే ప్రభుత్వానిది. రవాణా పైలట్‌ను రిజర్వులో చేర్చి, ర్యాంకు ఇచ్చి, శిక్షణ భత్యం చెల్లించి పెంచి పోషించే అవసరం ఎక్కడ మిగిలింది? ఒక్క ఉత్తర్వు చాలు. 1990లో కువైట్ సంక్షోభంలో లక్షకు పైగా భారతీయులను స్వదేశం చేర్చినది ప్రధానంగా ఎయిర్ ఇండియా. ఆ పైలట్లు ఏ రిజర్వు బలగంగానూ వెళ్లలేదు, తమ ఉద్యోగంలో భాగంగానే వెళ్లారు. రైల్వేలో ప్రభుత్వ యాజమాన్యం టెరిటోరియల్ యూనిట్లకు ఆధారమైతే, విమానాల్లో అదే యాజమాన్యం రిజర్వు అవసరాన్ని తీసేసింది.

రెండోది జెట్ యుగం. హార్వర్డ్‌ను వారాంతంలో నడిపి నైపుణ్యం నిలుపుకోవచ్చు. ధ్వనివేగంతో పోటీపడే యుద్ధవిమానం విషయంలో నెలకు రెండు ఆదివారాలు చాలవు. మూడోది 1962 యుద్ధం. దాని తర్వాత 45 స్క్వాడ్రన్ల వైమానిక దళం లక్ష్యంగా పెట్టుకున్నారు. అంత విస్తరణ పూర్తికాలపు ఉద్యోగులతోనే సాధ్యమని భావించారు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగింది.

ఫలితంగా హైదరాబాదులో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. వైమానిక దళానికి దుండిగల్, హకీంపేటలో శిక్షణ. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు అదే నగరంలో కేంద్ర శిక్షణ సంస్థ. రెండింటికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కాని ఒక గేటులో ఉన్న పైలట్ రెండో గేటులోకి వెళ్లాలంటే మొదటి కొలువు వదులుకోవాలి.

ఇక ఆగ్జిలియరీ ఆలోచనలో జనానికి కనబడేలా మిగిలినది గౌరవ హోదా. 2010లో సచిన్ టెండూల్కర్‌కు ఇచ్చిన గ్రూప్ కెప్టెన్ హోదా అటువంటిదే. ఆయన విమానం నడపాలని ఎవరూ అనుకోలేదు.

అమెరికాలో వేరుగా ఎందుకు జరిగింది?

అమెరికాలో ప్రతి రాష్ట్రానికి ఎయిర్ నేషనల్ గార్డ్ ఉంది, దానికి తోడు వైమానిక దళ రిజర్వు ఉంది. నెలలో కొన్ని రోజులు యుద్ధవిమానమో, ట్యాంకరో నడిపి, మిగతా రోజుల్లో కంపెనీ విమానంలో ప్రయాణికులను తీసుకువెళ్లే పైలట్ అక్కడ సాధారణంగా కనబడే మనిషి. కంపెనీలు ప్రైవేటువి కాబట్టి రాజ్యానికి ఇటువంటి ఏర్పాటు తప్పదు.

అక్కడి పైలట్ తూకం వేసుకునే పద్ధతి తెలుసుకోదగ్గది. విమాన కంపెనీలో జీతం, మార్గం, సెలవులు, కెప్టెన్ సీటు అన్నీ సీనియారిటీ నంబరు మీద ఆధారపడతాయి. కంపెనీలో చేరిన తేదీ ఒక్క నెల వెనుకబడినా ఆ వెలితి రిటైరయ్యేదాకా వెన్నాడుతుంది. అందువల్ల యువ పైలట్ సైన్యంలో పూర్తికాలం ఉండిపోవడానికి వెనుకాడతాడు. మరోవైపు గడ్డుకాలంలో కంపెనీ మొదట ఇంటికి పంపేది జూనియర్లనే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వేలమంది పైలట్లకు ఉద్యోగాలు పోయినప్పుడు, గార్డ్‌లోనో రిజర్వులోనో ఉన్నవారికి అక్కడి పనిదినాలే కూడు పెట్టాయి. 20 సంవత్సరాల అర్హ సేవ పూర్తిచేస్తే పింఛను వస్తుంది. అయితే అది సాధారణంగా 60 ఏళ్ల వయసు దగ్గరపడ్డాకే. 1994లో వచ్చిన చట్టం ప్రకారం సైనిక సేవకు వెళ్లినవాడి సీనియారిటీని కంపెనీ తగ్గించడానికి వీలులేదు. ఈ రక్షణ లేకపోతే పై లెక్కలేవీ నిలబడవు.

మన 1952 చట్టం ఉద్యోగం తిరిగి ఇవ్వమంది. అదీ తక్కువేమీ కాదు. కాని దానిని పరీక్షించే అవకాశం రాకముందే మన దేశంలో కంపెనీలు ప్రభుత్వపరమయ్యాయి.

1994 తర్వాత

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టాన్ని రద్దు చేయడంతో ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపు తెరుచుకుంది. కంపెనీలు ప్రభుత్వ ఉత్తర్వుకు కట్టుబడిన రోజులు పోయాయి. ఎయిర్ ఇండియా కూడా 2022 జనవరిలో టాటాల చేతికి తిరిగి వెళ్లింది. ఈ పాఠంలోని తర్కాన్ని మీరు జాగ్రత్తగా అనుసరించి ఉంటే, రిజర్వు పైలట్ అవసరం మళ్లీ ఏర్పడిందని మీకే తోచాలి. ఆగ్జిలియరీ స్క్వాడ్రన్లు మాత్రం తిరిగి రాలేదు.

దాంతో నేటి యువతకు ఎంపిక ముక్కుసూటిగా ఉంది. షార్ట్ సర్వీసు కమిషన్‌లో పైలట్‌గా చేరితే 14 సంవత్సరాల సేవ. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిది. సేవ ముగిశాక పింఛను ఉండదు, కాని చేతిలో విద్య ఉంటుంది, కంపెనీలో చేరే వయసూ మిగిలి ఉంటుంది. నేరుగా వాణిజ్య లైసెన్సు దారిలో వెళితే 200 గంటల ఫ్లయింగు పూర్తి చేయాలి, లక్షల్లో ఖర్చు కుటుంబమే భరించాలి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదవనివారు ఆ సబ్జెక్టులను సార్వత్రిక పాఠశాల ద్వారా పూర్తిచేసుకోవచ్చు. కంపెనీలో చేరాక ఏడాదికి 1000 గంటలకు మించి నడపకూడదన్న నిబంధన ఉంది. 2017 నుంచి కెప్టెన్ రాజీనామాకు ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి, కో-పైలట్ ఆరు నెలల ముందు ఇవ్వాలి. ఇటువంటి చట్రంలో పార్ట్‌టైమ్ సేవకు సమయం ఎక్కడ దూర్చాలన్నది చట్టసభలే తేల్చవలసిన విషయం.

దారి ఏదైనా, నేర్చుకునే దశలో ప్రమాదం రెండింటిలోనూ ఉంది. 2019 అక్టోబరు 6న బేగంపేట నుంచి బయలుదేరిన శిక్షణ విమానం వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ వద్ద పత్తిచేలో కూలి, శిక్షణలో ఉన్న ఇద్దరు పౌర పైలట్లు మరణించారు. మీ పొలాల మీదుగా ఎగిరే చిన్న విమానం దుండిగల్‌దో, బీదర్‌దో, ఫ్లయింగ్ అకాడమీదో నేల మీదినుంచి చెప్పడం కష్టం. లోపల కూర్చున్న యువతీయువకుల వయసు మాత్రం ఇంచుమించు మీ వయసే. వారిలో సైనిక పైలట్‌ను సేవ ముగిశాక రెగ్యులర్ రిజర్వులోకి బదిలీ చేయడానికి 1952 చట్టం ఈనాటికీ వీలు కల్పిస్తోంది. పౌర లైసెన్సు తీసుకునే రెండో పైలట్ కోసం రాసిన ఎయిర్ డిఫెన్స్ రిజర్వు అధ్యాయం కూడా ఆ చట్టంలోనే ఉంది.